నానో రేణువుల విషప్రభావం: ఎంటీటీ పరీక్ష ఎలా చేయాలి, వచ్చిన అంకెను ఎప్పుడు నమ్మాలి

"నానో పౌడర్ వేశాక సెల్స్ 120 శాతం బతికాయని వచ్చింది. ఎలా రాయాలి?" "పోయిన నెల సగం సెల్స్‌ను చంపిన డోసు ఈ నెల ఏమీ చేయలేదు. ఎందుకు?" ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలివి. చాలాసార్లు తప్పు సెల్స్‌లో ఉండదు. రేణువులు సరిగా విడకపోవడమో, రేణువులే పరీక్షలో వేలు పెట్టడమో జరిగి ఉంటుంది. అందుకే ఈ పద్ధతిలో ప్లేటులో మనం డోసు వేసే వెల్స్‌లో (వెల్ అంటే ప్లేటులోని చిన్న గుంట) మూడో వంతును సెల్స్ లేకుండా ఉంచుతాం. వృథా అనిపిస్తుంది గానీ, ఆ వెల్స్ లేకపోతే మిగతా అంకెలకు విలువ లేదు.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. ఎంటీటీ పసుపు రంగు పదార్థం. బతికున్న సెల్స్ దాన్ని ఊదారంగు ఫార్మజాన్ స్ఫటికాలుగా మారుస్తాయి. స్ఫటికాలను కరిగించి రంగు కొలిస్తే, ఎంత రంగు ఉంటే అన్ని సెల్స్ బతికున్నట్టు. 1983లో టిమ్ మోస్మన్ ఈ పద్ధతిని ప్రచురించినప్పుడు నానో రేణువుల ఊసే లేదు. రేణువులు వెలుతురును అడ్డుకుంటాయి, కొన్ని తామే ఎంటీటీని ఊదాగా మారుస్తాయి, ఇంకొన్ని ఫార్మజాన్‌ను పట్టుకుని వదలవు. 2006లో జర్మనీలోని కార్ల్‌స్రూహ బృందం ఏ549 అనే ఊపిరితిత్తుల సెల్స్‌కు కార్బన్ నానోట్యూబులు ఇచ్చి చూసింది. 24 గంటల తర్వాత ఎంటీటీ సుమారు సగం సెల్స్ పోయాయంది. అదే మోతాదుకు డబ్ల్యూఎస్‌టీ-1 అనే ఇంకో పరీక్ష ఏమీ కాలేదంది. నానోట్యూబులు ఫార్మజాన్‌ను అంటిపెట్టుకోవడమే కారణం.

ఇక్కడ జింక్ ఆక్సైడ్ రేణువులు, ఏ549 ఊపిరితిత్తుల సెల్స్ ఉదాహరణగా తీసుకుంటున్నాం. వేరే పౌడర్‌కైనా వరుస ఇదే. ఎక్కడ మార్చుకోవాలో ఆయా చోట్ల చెప్పాం.

కావలసినవి

- జింక్ ఆక్సైడ్ నానో పౌడర్, దాని బ్యాచ్ నంబరు. సీసా మీద రాసిన సైజును నమ్మకండి, టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) బొమ్మ ఒకటి తీయించండి.
- ఏ549 సెల్స్, 10 శాతం సీరం కలిపిన డీఎంఈఎం (సెల్స్ పెరిగే పోషక ద్రవం, కింద మీడియం అంటే ఇదే). ఎంటీటీ దశకు ఫినాల్ రెడ్ అనే రంగు గానీ, సీరం గానీ లేని మీడియం.
- అడుగు చదునుగా ఉన్న 96 వెల్స్ ప్లేట్లు.
- ప్రోబ్ సోనికేటర్ (శబ్ద తరంగాలతో ముద్దలను విడగొట్టే యంత్రం), ఐసు, 20 మి.లీ. గాజు వయల్.
- వడగట్టిన 0.05 శాతం బీఎస్ఏ (ఆవు సీరం ప్రొటీన్) నీళ్లు, ఇథనాల్.
- పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో 5 మి.గ్రా./మి.లీ. ఎంటీటీ, 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టి, ఫాయిల్ చుట్టి.
- డీఎంఎస్ఓ (ఫార్మజాన్‌ను కరిగించే ద్రావకం), ట్రైటాన్ ఎక్స్-100 (సెల్స్‌ను చంపే డిటర్జెంటు), జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్.
- ద్రవంలో రేణువుల సైజు కొలిచే డీఎల్ఎస్ యంత్రం, 570 నానోమీటర్ల దగ్గర చదివే ప్లేట్ రీడర్, ప్లేట్లు పట్టే సెంట్రిఫ్యూజ్.
- ఎన్95 మాస్కు, రెండు జతల నైట్రైల్ గ్లవ్స్.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. పొడి నానో పౌడర్‌ను లామినార్ ఫ్లో బెంచిలో తెరవకండి. సెల్ కల్చర్ అలవాటున్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. అడ్డంగా గాలి వీచే బెంచి మీ శాంపిల్‌ను శుభ్రంగా ఉంచుతుంది, పౌడర్‌ను మాత్రం నేరుగా మీ ముఖం మీదికి ఊదుతుంది. ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి. సర్జికల్ మాస్కు అంచుల దగ్గర గాలి లీకవుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. కింద ఒలికితే ఊడవకండి, తడి టిష్యూతో తుడిచి మూత ఉన్న డబ్బాలో వేయండి.

1. తూకం

హుడ్ గాలికి త్రాసు ముల్లు నిలవదు. అందుకని ఖాళీ వయల్‌ను మూతతో సహా బయట తూచండి. హుడ్‌లో పౌడర్ వేసి, మూత బిగించి, బయట తడి టిష్యూతో తుడిచి మళ్లీ తూచండి. లక్ష్యం 15.36 మి.గ్రా. అయినా సరిగ్గా అంతే రావాలని గరిటెతో తీస్తూ వేస్తూ కూర్చోకండి. ఎంత పడితే అంతకు నీళ్లు లెక్కకట్టండి: మిల్లీగ్రాములను 2.56తో భాగిస్తే కావలసిన మిల్లీలీటర్లు వస్తాయి. 14.1 మి.గ్రా. పడితే 5.51 మి.లీ.

2. రేణువులను విడదీయడం

పరీక్ష నిలిచేదీ పడేదీ ఇక్కడే. కింది పద్ధతి యూరప్‌లో నానోజీనోటాక్స్ ప్రాజెక్టు కోసం తయారైంది, చాలా ల్యాబులు ఇప్పటికీ వాడుతున్నాయి.

ముందు పౌడర్ మీద మొత్తం ద్రవంలో 0.5 శాతం ఇథనాల్ వేయండి. 6 మి.లీ.కి 30 మైక్రోలీటర్లు. వయల్‌ను వంచి తిప్పుతూ పౌడరంతా తడిసేలా చూడండి. నీళ్లకు తడవని పౌడర్ పైన తేలిపోతుంది, ఈ చుక్క దాన్ని లొంగదీస్తుంది. తర్వాత బీఎస్ఏ నీళ్లు గోడ వెంట నెమ్మదిగా పోయండి. వేగంగా పోస్తే నురగ వస్తుంది.

వయల్‌ను ఐసు నీళ్లలో నిలబెట్టి 16 నిమిషాలు ప్రోబ్‌తో సోనికేట్ చేయండి. ఐసు ముక్కలు మాత్రమే ఉంటే చల్లదనం అన్నివైపులా అందదు, నీళ్లు కూడా ఉండాలి. ప్రోబ్ కొన అడుగుకు, గోడకు తగలకూడదు. అలాగని పైకి లేస్తే నురగ, కీచుమనే శబ్దం వస్తాయి.

సోనికేటర్ మీద కనిపించే "10 శాతం" అనే అంకెను పక్క ల్యాబు అంకెతో పోల్చకండి. మీ యంత్రం నిజంగా ఎంత శక్తి ఇస్తోందో ఒకసారి కొలిచి పెట్టుకోండి. 500 గ్రాముల నీళ్లలో ప్రోబ్ పెట్టి 5 నిమిషాలు నడిపి, ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూడండి. పెరిగిన డిగ్రీలను 500తో, 4.18తో గుణించి, 300 సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. ఒక డిగ్రీ పెరిగితే సుమారు 7 వాట్లు. ఈ పద్ధతికి ఆ చుట్టుపక్కల ఉంటే చాలు. ప్రోబ్ కొన మీద గుంటలు పడి ఉంటే మార్చండి, లేదంటే అరిగిన టైటానియం తునకలు మీ శాంపిల్‌లో కలుస్తాయి.

ప్రోబ్ సోనికేటర్ లేకపోతే? బాత్ సోనికేటర్ వాడొచ్చు గానీ పెద్ద ముద్దలు మిగిలిపోతాయి. అప్పుడు ఫలితం "ఈ ముద్దలకు సెల్స్ ఎలా స్పందించాయి" అన్నదానికే జవాబు. దాన్ని దాచకుండా రాయండి.

తయారైన స్టాక్‌ను గంటలోపు వాడేయండి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు, ఫ్రీజర్‌లో పెట్టి వచ్చేవారం వాడటం వద్దు. పోయిన నెల ఫలితం ఈ నెల రాకపోవడానికి మేం ముందుగా అనుమానించేది దీన్నే.

3. సైజు చూడటం

డీఎల్ఎస్‌లో మూడు కొలతలు తీయండి: స్టాక్‌ను నీళ్లలో పలచన చేసి ఒకటి, సీరం ఉన్న మీడియంలో కలిపిన వెంటనే ఒకటి, 37 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాక ఒకటి. రేణువులు వేయని ఖాళీ మీడియం కూడా పెట్టండి. సీరం ప్రొటీన్లు 10 నానోమీటర్ల చుట్టుపక్కల తమ శిఖరం చూపిస్తాయి, దాన్ని మీ రేణువులుగా పొరబడొద్దు.

పీడీఐ (సైజులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 0.5 దాటితే సగటు సైజుకు అర్థం ఉండదు. 30 నానోమీటర్ల పౌడర్ మీడియంలో 250 చూపిస్తే కంగారు పడకండి, ముద్దకట్టడం, ప్రొటీన్ పొర పట్టడం మామూలే. 24 గంటల్లో 250 కాస్తా 1,500 అయిందా, అది మాత్రం ఆలోచించాల్సిన సంగతి. రేణువులు సెల్స్ మీదికి దిగిపోతున్నట్టు లెక్క.

4. సెల్స్ వేయడం

మి.లీ.కి లక్ష సెల్స్ ఉండేలా కలిపి, వెల్‌కు 100 మైక్రోలీటర్లు, అంటే 10,000 సెల్స్ వేయండి. ప్లేటు అంచున ఉన్న 36 వెల్స్‌లో సెల్స్ వద్దు, 200 మైక్రోలీటర్ల పీబీఎస్ పోయండి. అంచు వెల్స్‌లో మీడియం ఆవిరై అంకెలు పక్కదారి పడతాయి. లోపల 60 మిగులుతాయి: బి నుంచి జి దాకా ఆరు వరుసలు, 2 నుంచి 11 దాకా పది నిలువులు.

బి, సి, డి, ఇ వరుసల్లో సెల్స్ వేయండి. ఎఫ్, జి వరుసల్లో సెల్స్ లేని మీడియం మాత్రమే. వేశాక ప్లేటును అరగంట బెంచి మీద కదపకుండా ఉంచి అప్పుడు ఇంక్యుబేటర్‌లో పెట్టండి. వెంటనే పెడితే సెల్స్ వెల్ అంచుకు చేరి కూర్చుంటాయి. 24 గంటలు వదిలేయండి.

5. డోసులు

ముందుగా "వెహికల్ మీడియం" తయారు చేసుకోండి: 0.5 శాతం ఇథనాల్ ఉన్న బీఎస్ఏ నీళ్లు 312 మైక్రోలీటర్లు, మీడియం 7,688. రేణువులు తప్ప మీ డోసులో ఉన్నవన్నీ ఇందులో ఉంటాయి.

పై డోసు: స్టాక్ 78 మైక్రోలీటర్లు, మామూలు మీడియం 1,922. ఇది మి.లీ.కి 100 మైక్రోగ్రాములు. ఇందులోంచి 1 మి.లీ. తీసి 1 మి.లీ. వెహికల్ మీడియంలో కలిపితే 50. అలాగే 25, 12.5, 6.25, 3.125. ప్రతిసారీ పిపెట్ ముంచే ముందు వోర్టెక్స్ చేయండి (యంత్రం మీద గిరగిరా కలపండి). పది సెకన్లు పక్కన పెట్టినా బరువైన ముద్దలు అడుగుకు చేరతాయి, తర్వాతి డోసులన్నీ తప్పుతాయి.

నిలువులు ఇలా నింపండి, ఆరు వరుసలకూ అదే:

- 2: వెహికల్ మీడియం
- 3 నుంచి 8: 3.125 నుంచి 100 దాకా డోసులు
- 9: 0.1 శాతం ట్రైటాన్, అన్నీ చనిపోవాలి
- 10: వెహికల్ మీడియంలో జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్, మి.లీ.కి 88 మైక్రోగ్రాములు
- 11: మామూలు మీడియం

పదో నిలువు ఎందుకు? జింక్ ఆక్సైడ్ కరిగి జింక్ అయాన్లు వదులుతుంది. ఆ 88 మైక్రోగ్రాముల సల్ఫేట్‌లో ఉన్న జింక్, ఆరో నిలువులోని 25 మైక్రోగ్రాముల జింక్ ఆక్సైడ్‌లో ఉన్నంతే. రెండింటి ప్రభావం దగ్గరగా ఉంటే, చంపింది "నానో" కాదు, జింక్ అనే అనుమానం బలపడుతుంది. లాస్ ఏంజెలిస్‌లో ఆండ్రీ నెల్ బృందం 2008లో జింక్ ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్‌లను పక్కపక్కన పెట్టి, జింక్ ఆక్సైడ్ విషం ఈ కరగడంతోనే ముడిపడి ఉందని చూపింది. వెండి రేణువులైతే సిల్వర్ నైట్రేట్ పెట్టుకోండి. టైటానియం డయాక్సైడ్ కరగదు, ఈ నిలువు అక్కర్లేదు.

బి నుంచి ఇ దాకా పాత మీడియం తీసేసి 100 మైక్రోలీటర్ల డోసు వేయండి. ఎఫ్, జి కూడా అంతే. వేశాక పిపెట్‌తో కలపకండి, సెల్స్ లేచిపోతాయి. 24 గంటలు.

6. మైక్రోస్కోపు

ఎంటీటీ వేసే ముందే ప్రతి నిలువులో ఒక వెల్ చూసి ఫొటో తీయండి. సెల్స్ గుండ్రంగా ముడుచుకుని లేచిపోతుంటే చనిపోతున్నట్టే. నల్లటి ముద్దల కింద సెల్స్ చక్కగా పరుచుకుని ఉన్నాయా? అయితే రేపు ప్లేట్ రీడర్ "30 శాతమే బతికాయి" అన్నా నమ్మకండి. ఐదు నిమిషాల పని, చాలామంది మానేస్తారు.

7. ఎంటీటీ

సెల్స్ ఉన్న వరుసల్లో డోసు తీసేసి, పీబీఎస్‌తో ఒక్కసారి మెల్లగా కడగండి. తర్వాత ఫినాల్ రెడ్, సీరం లేని మీడియంలో 0.5 మి.గ్రా./మి.లీ. ఎంటీటీ (స్టాక్ ఒక వంతు, మీడియం తొమ్మిది వంతులు) 100 మైక్రోలీటర్లు.

ఎఫ్, జి వరుసలను కడగకండి. డోసు తీయకుండానే 10 మైక్రోలీటర్ల ఎంటీటీ స్టాక్ వేయండి. కడిగితే రేణువులు పోయి, వాటి అల్లరి కనిపించకుండా పోతుంది. కడిగినా సెల్స్ పైన, లోపల ఎన్ని మిగులుతాయో తెలియదు కాబట్టి, ఇక్కడ ఎక్కువలో ఎక్కువ ఎంత అడ్డం పడగలవో చూస్తున్నాం.

3 గంటలు ఇంక్యుబేటర్‌లో, చీకట్లో. టైటానియం డయాక్సైడ్‌కు ఈ చీకటి మరీ ముఖ్యం, వెలుతురు తగిలితే అదే ఎంటీటీని మార్చగలదు.

తర్వాత ద్రవం జాగ్రత్తగా తీసేయండి. ఎఫ్, జి లలో అడుగున ఉన్న మడ్డి కదలకుండా వీలైనంతే తీయండి. 100 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓ వేసి 10 నిమిషాలు షేకర్ మీద ఉంచండి. ప్లేటును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన 80 మైక్రోలీటర్లను కొత్త ప్లేటులోకి మార్చి 570 దగ్గర చదవండి, 650 దగ్గరి రీడింగ్ తీసేయండి. పాత ప్లేటులోనే చదివితే మిగిలిన రేణువులు వెలుతురును చెదరగొట్టి, చచ్చిన సెల్స్‌ను కూడా బతికించి చూపిస్తాయి.

8. ఫార్మజాన్ తప్పిపోతోందా?

ఎఫ్, జి వరుసలు చెప్పలేనిది ఇదొక్కటే, కాబట్టి కొత్త పౌడర్‌కు ఒకసారి విడిగా చేయండి. డోసు వేయని సెల్స్‌లో ఫార్మజాన్ తయారుచేసి డీఎంఎస్ఓలో కరిగించండి. సగం గొట్టాల్లో మీ పై డోసుకు సమానంగా రేణువులు, మిగతా సగంలో అంతే వెహికల్ కలపండి. గంట ఆగి, తిప్పి, పైభాగం చదవండి. రేణువులున్న గొట్టాల్లో రంగు 10 శాతానికి మించి తగ్గితే అవి ఫార్మజాన్‌ను పట్టుకుని అడుగుకు లాక్కుపోతున్నాయి. ఆ పౌడర్‌కు ఎంటీటీ వదిలేయండి. కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్, కార్బన్ బ్లాక్ తీసుకునేవాళ్లు మొదటి రోజే ఈ పని చేయాలి.

9. లెక్క

ప్రతి డోసుకు దాని సొంత బ్లాంక్ తీసేయాలి. అంటే అదే నిలువులోని ఎఫ్, జి సగటు. ఉదాహరణకు వెహికల్ సెల్స్ 0.92, వాటి బ్లాంక్ 0.06. ఏడో నిలువు సెల్స్ 0.55, దాని బ్లాంక్ 0.12.

సరైన లెక్క: (0.55 − 0.12) ÷ (0.92 − 0.06) = 0.43 ÷ 0.86 = 50 శాతం.

అన్నిటికీ ఒకటే బ్లాంక్ 0.06 తీస్తే: 0.49 ÷ 0.86 = 57 శాతం. ఆ ఏడు శాతం రేణువుల రంగు, సెల్స్ ప్రాణం కాదు. బ్లాంకుల మధ్య తేడా (ఇక్కడ 0.06) వెహికల్ రంగు 0.86లో 10 శాతం దాటితే తీసివేతతో సరిపెట్టకండి, పరీక్ష మార్చండి.

ప్లేటును ఒప్పుకునే ముందు చూడాల్సినవి: ట్రైటాన్ నిలువు 10 శాతం లోపు ఉందా? వెహికల్, మామూలు మీడియం నిలువుల తేడా 10 శాతం లోపేనా? ఒక నిలువులోని నాలుగు వెల్స్ మధ్య సీవీ (సగటులో శాతంగా చూపే తేడా) 15 శాతం లోపేనా? ఒక్కటి తప్పినా ఆ ప్లేటు పక్కన పెట్టండి.

నాలుగు వెల్స్ అంటే ఎన్ (విడి ప్రయోగాల సంఖ్య) = 4 కాదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజీల (కొత్త గిన్నెలోకి మార్చిన విడతల) సెల్స్‌తో, తాజాగా సోనికేట్ చేసిన స్టాక్‌తో మూడుసార్లు చేస్తే ఎన్ = 3. సమీక్షకులు పేపరు తిప్పి పంపడానికి ఈ ఒక్క తప్పు చాలు.

100 శాతం దాటితే

105, 108 అంటే మామూలు తేడాయే. 120 అయితే ఈ వరుసలో వెతకండి: ఆ నిలువు ఎఫ్, జి బ్లాంక్ పెరిగిందా, ప్లేటు మార్చి చదివారా, వెహికల్ నిలువు అంచుకు దగ్గరై తక్కువ చూపిందా. వెండి రేణువులు 400 నానోమీటర్ల పైన, బంగారం రేణువులు 520 దగ్గర వెలుతురును మింగుతాయి. ముద్దకడితే ఆ రంగు 570 వైపు జరుగుతుంది. ఇవేవీ కాకపోతే సెల్స్ ఒత్తిడిలో జీవక్రియ పెంచి ఉండొచ్చు. "సెల్స్ పెరిగాయి" అని రాయాలంటే మాత్రం సెల్స్‌ను లెక్కపెట్టి చూపాలి.

రెండో పరీక్ష తప్పదు

వేరే సూత్రం మీద నడిచేది ఒకటి జతచేయండి. ఎల్‌డీహెచ్ పరీక్ష (చచ్చే సెల్స్ నుంచి కారే ఎంజైమును కొలిచేది) సులువే గానీ వెండి, రాగి రేణువులు ఆ ఎంజైమును పాడుచేస్తాయి, అప్పుడు విషం లేనట్టు కనిపిస్తుంది. అన్నిటికన్నా మాకు నమ్మకమైంది కాలనీలు లెక్కపెట్టడం: ఒక గిన్నెకు 200 సెల్స్ వేసి, డోసిచ్చి, వారం పది రోజులు పెంచి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి కంటితో లెక్క. రీడర్ లేదు కాబట్టి మోసపోయే వీలు తక్కువ. ఓపిక మాత్రం కావాలి. టీహెచ్‌పీ-1 లాంటి మాక్రోఫేజ్ సెల్స్ వాడేవాళ్లు పౌడర్‌లో ఎండోటాక్సిన్ ఉందేమో కూడా చూడాలి, వాపు లక్షణాలన్నీ బ్యాక్టీరియా మురికి వల్లే వచ్చి ఉండొచ్చు.

ఫలితం రాసేటప్పుడు

మి.లీ.కి 100 మైక్రోగ్రాములు అని మాత్రమే రాయకండి, వైశాల్యం ప్రకారం కూడా ఇవ్వండి. వెల్ అడుగు 0.32 చదరపు సెం.మీ., 100 మైక్రోలీటర్లలో 10 మైక్రోగ్రాములు. అంతా దిగితే చదరపు సెం.మీ.కు 31 మైక్రోగ్రాములు. వేరే సైజు ప్లేటులో చేసినవాళ్లతో పోల్చడానికి ఇదే దారి.

వైద్య పరికరాలకు వాడే ఐఎస్ఓ 10993-5 ప్రమాణం 70 శాతం కంటే తక్కువ బతికితే సెల్స్‌కు హానికరం కావచ్చంటుంది. ఆ గీతను వాడుకోవచ్చు, కానీ అది ప్లేటులోని సెల్స్‌కు గీసిన గీత. పని చేసే చోట గాలికి పెట్టే పరిమితులు వేరు, అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ 2011లో అతిసూక్ష్మ టైటానియం డయాక్సైడ్‌కు సూచించిన ఘనపు మీటరుకు 0.3 మి.గ్రా. లాంటివి జంతువుల మీద పీల్పించి చేసిన అధ్యయనాల నుంచి వచ్చాయి. మీ ప్లేటు అంకెను వాటి పక్కన పెట్టి "సురక్షితం" అనో, "క్యాన్సర్ కారకం" అనో రాస్తే గైడు ఊరుకున్నా సమీక్షకుడు ఊరుకోడు.

మిగిలిన స్టాక్, డోసులు, మొదటి కడుగు నీళ్లు సింకులో పోయొద్దు. "జింక్ ఆక్సైడ్ నానో, బీఎస్ఏ" అని తేదీతో రాసిన డబ్బాలో పట్టి రసాయన వ్యర్థాలతో పంపండి. డీఎంఎస్ఓ ప్లేట్లది వేరే డబ్బా. డీఎంఎస్ఓ తనలో కరిగినదాన్ని చర్మం లోపలికి తీసుకుపోతుంది, అది అంటిన గ్లవ్స్ వెంటనే మార్చండి.